మూసీ పథకంలో దిగువ ఆయకట్టు మాటేమిటి?

సంపాదకుల వారికి,

నమస్కారం. మూసీ పునరుజ్జీవనంపై మీ పత్రికలో వస్తున్న కథనాలను శ్రద్ధగా చదువుతున్నాను. చర్చంతా నగరంలోని నది ఒడ్డుల చుట్టూనే తిరుగుతోంది. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక అదే నీటితో వరి పండించే భూదాన్ పోచంపల్లి ప్రాంతం ఊసు మాత్రం అరుదుగా వినిపిస్తోంది.

పోచంపల్లి అనగానే నగరవాసులకు ఇక్కత్ చీరే గుర్తుకొస్తుంది. మా ఇంట్లోనూ అంతే. కానీ ఆ ఊరి పేరు ముందు ‘భూదాన్’ చేరింది పొలం వల్ల. 1951లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగిశాక, సాయుధ పోరాటంతో అట్టుడుకుతున్న పల్లెల మీదుగా పాదయాత్ర చేస్తూ ఏప్రిల్ 18న అక్కడికి చేరిన వినోబా భావేను దళిత కుటుంబాలు 80 ఎకరాలు, అందులో సగం తరి (నీటి వసతి గల మాగాణి), సగం చెలక (వానాధార మెట్ట), ఇప్పించమని అడగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. తరిని, చెలకను విడదీసి అడగడంలోనే ఆ నేల స్వభావం తెలుస్తుంది. చెరువు నీరు అందినంత మేరే వరి, మిగతాదంతా వాన దయ.

ఇప్పుడు ఆ లెక్క మారిపోయింది. 1908 వరదల దరిమిలా కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వాన నీటిని ఎగువనే ఆపుతుండగా, వేసవిలోనూ దిగువకు పారేది ప్రధానంగా మనం వదిలిన మురుగే. కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) దగ్గర మళ్లి, పిల్లాయిపల్లి కాలువ వంటివాటి గుండా అదే పొలాలకు చేరుతోంది. కరువు నేలలో రెండు పంటలు తీయిస్తున్న నీటిని రైతు వద్దనలేడు, అలాగని దానిలో దిగి నాటు వేసే ఆడవాళ్ల బాధ చిన్నదీ కాదు. ఆ వైపు పల్లెలో ఉండే మా మేనత్త కాళ్లకు కొబ్బరినూనె పట్టించుకోనిదే మడిలో దిగేది కాదు.

కనుక ప్రభుత్వం ప్రతి పంటకాలంలోనూ కత్వల వద్ద నీటిని, ఆయకట్టులో మట్టిని పరీక్షించి, ఫలితాలను ఆయా గ్రామాల్లో తెలుగులో ప్రకటించాలని కోరుతున్నాను. అంతకన్నా ముఖ్యం, నది శుభ్రపడ్డాక ఆ నీటిని నగర సుందరీకరణకే నిలుపుకోకుండా, దిగువ రైతుల వాటా ఎంతో పనులు సాగుతున్న ఇప్పుడే రాతపూర్వకంగా తేల్చాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఉప్పల్, హైదరాబాద్