ఆదివారం తలకోన నడక: చిత్వన్ బృందానికి సూచనలు

సభ్యులందరికీ నమస్కారం.

నేపాల్‌లోని చిత్వన్‌కు స్వచ్ఛంద సేవకు బయలుదేరే ముందు అడవిలో నడిచే పద్ధతి మనందరికీ అలవడాలనే ఉద్దేశంతో, ఈ ఆదివారం ఉదయం తలకోనలో వన్యప్రాణుల పరిశీలన నడకను ఏర్పాటు చేశాం. వ్యాను తెల్లవారుజామున 4.30 గంటలకు తిరుపతి ఆర్టీసీ బస్టాండు ఎదుట నుంచి బయలుదేరుతుంది. దయచేసి పది నిమిషాల ముందే చేరుకోండి.

బెట్టుడుతలు (పెద్ద అడవి ఉడుతలు) పైకొమ్మల్లోనే తిరుగుతాయి కాబట్టి మాటలు మాని, తరచూ ఆగి తలెత్తి చూడాలి. దేవాంగ పిల్లి (పిల్లి కాదు, కోతులకు బంధువైన చిన్న జంతువు) రాత్రి సంచరించే జీవి కనుక అది కనిపించలేదని నిరాశ పడవద్దు. బంగారు బల్లి రాతి సందుల్లో ఉంటుంది. దానిపై టార్చి వెలుగు వేయవద్దు.

చిత్వన్‌లో ఒంటికొమ్ము ఖడ్గమృగాలు తిరిగే చోటే గైడు వెంట కాలినడకన వెళ్తాం. ఖడ్గమృగం మీదికి వస్తే చెట్టెక్కాలని, వీలుకాకపోతే పెద్ద మాను చాటుకు పోవాలని అక్కడి గైడ్లు చెబుతారు. ఆ పరిస్థితి రాకుండా, గైడు చెయ్యెత్తగానే కదలకుండా నిలబడడం ఇక్కడే నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మట్టిరంగు దుస్తులు, బూట్లు, మంచినీళ్లు, గుర్తింపు కార్డు తప్పనిసరి. సెంటు పూసుకోవద్దు.

వచ్చేవారు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు తెలపండి. పాస్‌పోర్టు ప్రతి ఇంకా పంపనివారు కూడా ఆలోగానే పంపగలరు.