చేతికి సరిపడని పట్టీ

కర్నూలు,
ఆదివారం మధ్యాహ్నం.

పాపా,

నిన్న రాత్రి నువ్వు ఫోనులో, కాలేజీలో నువ్వు పాఠం చెప్పే బీటెక్ పిల్లల గురించి "వీళ్లకు ఏమీ రాదు నాయనా, సగం మంది బొమ్మల్లా కూర్చుంటారు" అని చెప్పి పెట్టేశాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున మీ అమ్మ ఉగ్గాని, బజ్జీ చేసింది. రెండోసారి వడ్డించబోతే వద్దన్నాను. "అలా గోడకేసి చూస్తూ కూర్చునే బదులు అమ్మాయికి ఉత్తరం రాయండి" అంది. ఫోనులో చెబితే నువ్వు సగంలోనే "తెలుసులే నాయనా" అంటావు. కాగితానికి ఆ బాధ లేదు.

నేను ముప్పై రెండేళ్లు ఆసుపత్రుల్లో యంత్రాలు బాగుచేశాను. బయోమెడికల్ ఇంజనీరు అనే మాట ఉందని ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు తెలిసింది. అప్పటిదాకా మేము మెకానిక్కులమే. పాఠం చెప్పే విద్య నాకు తెలియదు. వార్డుల్లో చూసినదే చెబుతాను.

బీపీ యంత్రం తప్పు చూపిస్తోందని సిస్టర్లు నెలకు రెండు మూడు పంపేవారు. బల్ల మీద పెట్టి సరిచూస్తే చాలాసార్లు ఏ దోషమూ ఉండేది కాదు. వార్డుకు వెళ్లి చూస్తే సంగతి బయటపడేది. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. బక్క చేతికి పెద్ద పట్టీ చుడితే తక్కువ చూపిస్తుంది. అక్కడ ఉన్నది ఒకే సైజు పట్టీ, వచ్చే చేతులు మాత్రం నూరు రకాలు. ఇది నీకు నేను చెప్పాలా, నువ్వే పిల్లలకు చెబుతావు. కానీ నువ్వు పెట్టే ఇంటర్నల్ పరీక్ష కూడా ఒక కొలత సాధనమే కదా? అరవై మందికీ ఒకే పట్టీ చుట్టి, ముప్పై మంది దగ్గర సున్నా అని రాసుకున్నావు. చేతిని అనుమానించే ముందు పట్టీని చూడవద్దూ?

కోపం తెచ్చుకోకు. నీ మీద ఫిర్యాదు కాదు ఇది. నీకు చదువు చెప్పినవాళ్లూ అలాగే చెప్పారు.

సర్క్యూట్ ప్రతిసారీ తప్పుగా కడుతున్నాడని నువ్వు మందలించిన కుర్రవాడికి ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల తేడా తెలియదని తర్వాత బయటపడింది అన్నావే, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మగపిల్లల్లో ఈ లోపం అంత అరుదు కాదు. రెసిస్టర్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో దాని మీది రంగు గీతలే చెబుతాయి. గోధుమ, నలుపు, ఎరుపు గీతలుంటే వెయ్యి ఓములు. చివరి ఎరుపును గోధుమ అనుకుంటే అది వంద ఓములు అవుతుంది. ఒక్క గీతలో పది రెట్లు తేడా! ఆంప్లిఫయర్ పనిచేయకపోవడంలో వింత ఏముంది? ఏడాదిన్నరగా ఆ పిల్లవాడు తాను మొద్దునని నమ్ముతూ వచ్చాడు. రెసిస్టర్ల పెట్టె అరల మీద విలువలు అంకెల్లో రాయించు, ఆ విలువను కొలిచి అంకెల్లో చూపే మల్టీమీటర్ ప్రతి బల్ల మీదా ఒకటి పెట్టు. అతనొక్కడికే పెట్టావంటే మిగతావాళ్లు నవ్వుతారు. అందరికీ పెట్టు.

ఆసుపత్రిలో మాకిది కొత్త కాదు. గుండె చప్పుడును గీతగా గీసే ఈసీజీ యంత్రానికి మేము వాడిన తీగల్లో కుడిచేతికి ఎరుపు, ఎడమచేతికి పసుపు, ఎడమకాలికి ఆకుపచ్చ, కుడికాలికి నలుపు. ఒక్కోసారి అమెరికా పద్ధతి యంత్రం వచ్చేది. దానిలో కుడిచేతికి తెలుపు, ఎడమచేతికి నలుపు, పైగా ఎరుపు ఎడమకాలికి, ఆకుపచ్చ కుడికాలికి! రంగును నమ్ముకున్నవాడు గోతిలో పడ్డట్టే. అందుకే తీగ చివర అక్షరం కూడా అచ్చు వేస్తారు. నేను కొత్తవాళ్లకు అక్షరమే చూడమని చెప్పేవాణ్ని. రంగులన్నీ బాగా కనిపించే వాళ్లకు కూడా అదే మేలు.

ఈసీజీ అంటే గుర్తొచ్చింది. మీ ల్యాబులో ప్రయోగానికి ఎప్పుడూ ఒక మగపిల్లవాడే చొక్కా విప్పి పడుకుంటాడని, ఆడపిల్లలు వెనక వరసలో నిలబడి చూస్తారని చెప్పావు. మొదటి లీడు, అంటే రెండు చేతుల మధ్య తీసే గీత, చూపించడానికి చొక్కా విప్పడం ఎందుకు? రెండు మణికట్లు, ఒక కాలు చాలు. కుర్చీలో కూర్చునే తీయవచ్చు. ఆడపిల్లల జట్టు తమలో తామే తీసుకుంటుంది, ఇష్టం లేనివాళ్లకు మనిషికి బదులు గుండె సంకేతం ఇచ్చే సిమ్యులేటర్ పెట్టె ఇవ్వు. ఇంకొకటి కూడా చూడు: స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉంది, రికార్డు ఎవరు రాస్తున్నారు? అక్షరాలు గుండ్రంగా ఉంటాయని రాత పనంతా ఆడపిల్లకు అంటగడతారు. నాలుగేళ్లయ్యాక ఆ పిల్లకు దస్తూరి వస్తుంది, సోల్డరింగ్ రాదు. నువ్వు ఎనిమిదో తరగతిలో నట్టింట్లో సోల్డరింగ్ ఐరన్ పెట్టి చాపకు చిల్లు పెట్టినప్పుడు మీ అమ్మ ఎంత తిట్టినా నేను దాన్ని నీ చేతిలోంచి లాక్కోలేదు. వారం వారం పనులు మార్చు.

ఇక బొమ్మల్లా కూర్చునేవాళ్ల సంగతి. తొంభైల మొదట్లో ఒక కంపెనీ ఇంజనీరు వెంటిలేటర్ గురించి మాకు మూడు రోజులు శిక్షణ ఇచ్చాడు, అంతా ఇంగ్లీషులో. గంటకోసారి సందేహాలున్నాయా అని అడగడం, మేము తలలు అడ్డంగా ఊపడం, ఆయన ముందుకు సాగడం. రెండో రోజు సాయంత్రానికి మేము దద్దమ్మలమని ఆయన తేల్చుకున్నాడు. మూడో రోజు యంత్రంలో ఒత్తిడి నిలవడం లేదు. ఆయన పుస్తకం తిరగేస్తుంటే నేను సబ్బునీళ్లు తెచ్చి గొట్టాల అతుకుల మీద రాశాను. మూడో అతుకు దగ్గర బుడగ లేచింది. ఆ రోజంతా ఆయన నన్ను ప్రశ్నలు అడిగాడు, నేను తెలుగులో చెబితే పక్కనున్న డాక్టరుగారు ఇంగ్లీషులో చెప్పారు. మొదటి రోజే యంత్రం మూత తీసి మా ముందు పెట్టి ఉంటే మూడు రోజులు పట్టేది కాదు.

నీ తరగతిలో పదో తరగతి దాకా తెలుగులో చదివినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఎప్పుడైనా అడిగావా? మాట కెపాసిటర్ అనే ఉండనీ, వివరణ ఒకసారి తెలుగులో చెబితే కొంప మునగదు. బీటెక్‌ను తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో చెప్పడానికి 2021లో సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈనే అనుమతించింది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, దోషం పెట్టిన పరికరం ఇచ్చి, ఏ భాషలోనైనా కారణం చెప్పమను. అప్పుడు చూడు ఎవరికి ఏమి వచ్చో.

ప్రశ్న అడిగాక కాస్త ఆగు కూడా. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు డెబ్బైల్లో తరగతి గదుల టేపులు విని, ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని లెక్క తేల్చిందట. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, ఎప్పుడూ పలకనివాళ్లు పలికారు. నువ్వు మీ అమ్మ కూతురివి, ఒక్క సెకను కూడా ఆగవు.

వినికిడి తక్కువైన అమ్మాయికి నోట్సు ముందుగా ఇస్తానంటే మీ కాలేజీ పెద్దలు ప్రత్యేక మర్యాదలు కుదరవన్నారు కదా. అది మర్యాద కాదు, హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు అవసరమైన సదుపాయం కల్పించాలని చెప్పింది. ఆ కాగితం తీసి వాళ్ల బల్ల మీద పెట్టు, గొంతు పెంచకుండానే. ఈలోగా నువ్వు చేయగలిగింది ఒకటుంది. బోర్డు వైపు తిరిగి మాట్లాడకు. నీ పెదవులు కనిపించనంత సేపూ ఆ అమ్మాయికి పాఠం లేనట్టే. నోట్సు అందరికీ ముందురోజే ఇస్తే తెలుగు మీడియం పిల్లలూ రాత్రి చదువుకుని వస్తారు. మా ఆసుపత్రిలో చక్రాల కుర్చీ కోసం వేసిన ర్యాంపు మీద రోజంతా నడిచినవి అన్నం బళ్లు, మందుల బళ్లే.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ పాఠం వచ్చినప్పుడు ఒక పని చెయ్యి. 660, 940 నానోమీటర్ల కాంతులు, రక్తం పీల్చుకునే తీరు అంతా చెప్పాక, "దీన్ని సరిచూసినప్పుడు ఎవరి వేళ్లు పెట్టి చూశారు?" అని అడుగు. ఆరోగ్యంగా ఉన్న స్వచ్ఛంద వ్యక్తుల వేళ్ల మీదే, కాంతి కొలతను ఆక్సిజన్ శాతంగా మార్చే దాని పట్టిక తయారవుతుంది. 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయం వైద్యులు ప్రచురించిన లెక్కలో, రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా యంత్రం బాగానే ఉందని చూపిన సందర్భాలు తెల్లవారికన్నా నల్లవారిలో దాదాపు మూడు రెట్లు. ఈ మాట చెప్పి ఆగు, మూడు సెకన్లు. ఎండలో మిరప కోసే అమ్మానాన్నలున్న పిల్ల ఎవరో ఒకరు తన వేలు తాను చూసుకుంటుంది. ఆ తర్వాత ప్రశ్నలు నువ్వు అడగనక్కరలేదు.

చాలా రాశాను. అమ్మ ఇచ్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, నా పాత మల్టీమీటర్ మంగళవారం హైదరాబాదు వస్తున్న పక్కింటి అబ్బాయి చేత పంపుతున్నాను. మీటర్ ఆ రెసిస్టర్ల కుర్రవాడికి ఇవ్వు, నేనిచ్చానని చెప్పనక్కరలేదు. నల్ల ప్రోబు తీగ కొంచెం వదులుగా ఉండేది, అతికించాను. బ్యాటరీ కొత్తది.

ఆశీస్సులతో,
నాయన