వార్షిక నివేదిక: దేవిడీ తోటల కోసం ఈ ఏడాది చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

దేవిడీల (పాతకాలపు ప్రభువుల భవంతుల) తోటలను కాపాడాలన్న సంఘం ఆశయం మీకు తెలిసినదే కనుక నేరుగా పనుల్లోకి వస్తాను. ముందుగా, ఆల్బమ్‌లు స్కాన్ చేసుకోనిచ్చిన పాతబస్తీ కుటుంబాలకు, ఉర్దూ కాగితాలు ఓపిగ్గా చదివిపెట్టిన మాస్టారికి, మీటింగులకు వరండా ఇచ్చి ప్రతిసారీ చాయ్ పోసిన అమ్మగారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది పటాల నడక. 1908 మూసీ వరద తర్వాత లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాద్‌ను కొలిచి గీసిన పటాల్లో ఇళ్లతోపాటు బావులు, తోటలు కూడా ఉన్నాయి. ఆ ప్రింట్లు పట్టుకుని దివాన్ దేవిడీ నుంచి బయల్దేరాం. 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం మొదలైంది ఆ దేవిడీలోనే. 1968లో మ్యూజియం ఇప్పటి భవనానికి మారింది. దేవిడీ చోట ఇప్పుడు దుకాణాలు. హుస్సేనీ ఆలంలో ఖుర్షీద్ జా దేవిడీ స్తంభాలు నిలిచాయి గానీ, ముందున్న ఫౌంటెన్ల తోట పిల్లల క్రికెట్ మైదానమైంది. తర్వాత ఒక చిన్న దేవిడీ వెనక సందులో, ఒకావిడ బట్టలుతికే రాతి అంచు చూపించారు. పటంతో పోల్చి చూస్తే అది హౌజ్ (తోటలోని నీటి తొట్టి) అంచే! అందరం అక్కడే నిలబడిపోయాం.

1949లో జాగీర్లు రద్దయ్యాక మాలీలకు జీతాలిచ్చే ఆదాయం పోయింది. వాటాలు పంచుకున్నప్పుడు చాలా కుటుంబాలు ఇల్లు ఉంచుకుని తోటను అమ్ముకున్నాయి. 2000లో మాల్వాలా ప్యాలెస్ కూల్చినప్పుడు కనీసం బాధపడ్డవాళ్లున్నారు. తోటలు పోతుంటే అడిగినవాళ్లే లేరు. బషీర్‌బాగ్‌లో బాగ్ (తోట) పేరులోనే మిగిలింది.

హౌజ్ పూడిక తీయడానికి 23 మంది పేర్లిచ్చారు, వచ్చింది ఐదుగురు. రాలేమని ఫోన్ చేసినా వేరేవాళ్లను పిలుచుకునేవాళ్లం. ఆ ఐదుగురూ ఎండలో సాయంత్రం దాకా తవ్వారు, వాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. అనుమతి కోసం సంబంధిత ఆఫీసుకు నాలుగు ఉత్తరాలు రాశాం. వెళ్లినప్పుడల్లా "సార్ సైట్‌లో ఉన్నారు" అనే జవాబే.

జమాఖర్చుల షీట్ జతచేశాం. ఎక్కువ ఖర్చు పటాల ప్రింట్లకే. చందా బకాయిలు దయచేసి కట్టండి.

వారసత్వ జాబితాలో దేవిడీ పేరు రాసేటప్పుడు దాని తోట, బావి, హౌజ్ కూడా రాయాలని ఈ సమావేశంలో తీర్మానం పెడుతున్నాం. సంతకాలు కావాలి, తప్పక రండి.

కార్యదర్శి