మన కాలిక్యులేటర్ల సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది భారీ కార్యక్రమాలేమీ పెట్టుకోలేదు. పండగ వస్తే కలవడం, ఎవరి కాలిక్యులేటర్ వాళ్ళు తెచ్చుకోవడం, లెక్కల జోకులు చెప్పుకోవడం, టీ తాగి ఇళ్ళకి పోవడం. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. టీ, బిస్కెట్లు, బటన్ బ్యాటరీలు తప్ప అందులో చెప్పుకోదగ్గ ఖర్చు లేదు.

సంక్రాంతికి మనం జోకు వెతుక్కోనక్కర లేకపోయింది, 2025 అనే అంకెలోనే దొరికింది. దాని వర్గమూలం 45. మధ్యకి విరిచి 20కి 25 కలిపినా 45. 1 నుంచి 9 దాకా అంకెలు కూడినా అదే. ఆ తొమ్మిదింటి ఘనాలు కూడితే తిరిగి 2025. ఒకటో ఎక్కం నుంచి తొమ్మిదో ఎక్కం దాకా, ఒక్కోటి తొమ్మిదో వరసతో ఆపి, జవాబులన్నీ కూడినా 2025 వస్తుంది. 9 బదులు 10 దాకా లెక్కిస్తే, ఈ లక్షణాలన్నీ ఉన్న తరువాతి ఏడాది 3025. జీవిత సభ్యత్వం తీసుకున్నవారు కూడా అప్పటిదాకా ఆగలేరు కాబట్టి మిగిలిపోయిన అరిసెలు ఆ రోజే పంచేశాం.

మార్చి 14న పై (π) దినం, హోలీ ఒకే రోజు పడ్డాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియంలో 1988లో మొదలైన పండగ పై దినం. రంగు చేతులతో మీటలు నొక్కొద్దని ముందే చెప్పాం, కొందరు వినలేదు. ఆ రోజు హిట్టయింది మాత్రం తలకిందుల ఆట. 0.7734 కొట్టి తిప్పితే ‘హెలో’ అని కనబడే జోకు మనందరికీ పాతదే. ఈసారి ఒక సభ్యురాలు 1704 కొట్టి కాలిక్యులేటర్‌ని తిప్పి చూపించారు. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘హోలీ’! 4 తిరగబడి హెచ్, 0 ఓ, 7 ఎల్, 1 ఐ అయ్యాయి. దానికి 2 కూడి 1706 చేస్తే ‘గోళీ’. ఇక పిల్లలు ఇంటికి వెళ్ళమంటే ఒట్టు.

మార్చి 14 మీద మనలో కొందరికి ఎప్పుడూ ఒక అభ్యంతరం ఉంది. నెల ముందు, తేదీ తరువాత రాసే అమెరికా పద్ధతికే అది 3.14 అవుతుంది. మనం బళ్ళో నేర్చుకున్న పై 22/7, మన పద్ధతిలో రాస్తే అది జూలై 22. పైగా 3.14 కన్నా 22/7 అసలు విలువకి దగ్గర. మొదటిదానికి తేడా సుమారు 0.00159, రెండోదానికి 0.00126. కార్యవర్గం రెండు రోజులూ జరపాలని తీర్మానించింది. టీ రెండుసార్లు వస్తుంది కాబట్టి వ్యతిరేకత రాలేదు.

ఏప్రిల్ 1 సమావేశంలో అమెరికా గణిత వినోద రచయిత మార్టిన్ గార్డ్‌నర్ 1975లో తన పత్రికా శీర్షికలో చేసిన కొంటెపని చెప్పుకున్నాం. e (సుమారు 2.718) మీద ఘాతంగా పై × √163 వేస్తే కచ్చితంగా పూర్ణసంఖ్య వస్తుందని ఆయన రాశారు, పైగా రామానుజన్ ఊహించాడని కూడా జోడించారు. నిజానికి అది 262537412640768743.99999999999925. దశాంశ బిందువు తరువాత పన్నెండు తొమ్మిదులు. మన దగ్గరున్న పది అంకెల సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో 2.625374126 × 10¹⁷ అని ఆగిపోతుంది, కాబట్టి పాపం అది ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఈ సందర్భంలోనే 1972 నాటి సైంటిఫిక్ కాలిక్యులేటర్ హెచ్‌పీ-35 మాటా వచ్చింది. తొలి విడత యంత్రాల్లో 2.02కి సహజ లాగరిథమ్ తీసి, వెంటనే ఘాతంతో వెనక్కి తిప్పితే 2 వచ్చేదట. రెండు పైసలు ఎవరు మింగారో అని నవ్వుకున్నాం.

అక్టోబరు 31 మన పండగ కాకపోయినా దాన్ని వదల్లేదు. కాలిక్యులేటర్‌ని బేస్ మోడ్‌లో పెట్టి, అష్టాంశ (ఎనిమిది అంకెల) పద్ధతిలో 31 కొట్టి, దశాంశానికి మారిస్తే 25. ‘అక్టోబరు 31 అంటే డిసెంబరు 25’ అనే ప్రోగ్రామర్ల పాత జోకు ఇదే, ఇంగ్లిష్‌లో అష్టాంశాన్ని (octal), దశాంశాన్ని (decimal) కూడా Oct, Dec అనే కుదిస్తారు కదా. ఆ వెంటనే 1995 హాలోవీన్‌కి వచ్చిన సింప్సన్స్ కార్టూన్‌లోని లెక్క ఎత్తుకున్నాం. 1782 పన్నెండో ఘాతానికి 1841 పన్నెండో ఘాతం కలిపి, పన్నెండో మూలం తీయండి. తెర మీద 1922 కనిపిస్తుంది. ఘాతం 2 దాటితే ధన పూర్ణసంఖ్యలతో ఇలాంటి కూడిక కుదరదన్న ఫెర్మా సిద్ధాంతం కూలిపోయిందా? ఇంటర్ లెక్చరర్‌గారు కాలిక్యులేటర్ ముట్టకుండానే తేల్చేశారు: 1782 సరి, 1841 బేసి, రెండిటి ఘాతాల మొత్తం బేసి, 1922 ఘాతం సరి. అంతే. యంత్రంలో కూడా దొంగ దొరికాడు. ఆ జవాబులోంచి 1922 తీసేస్తే సున్నా రాకుండా −4.4 × 10⁻⁸ దగ్గర తేలింది. కార్యదర్శిగా నా అభిప్రాయం, ఈ ఏడాది జోకులన్నిటికీ ఇదే మొదటి బహుమతి. నవ్వాక పది నిమిషాలు వాదించుకున్నాం, ఫార్వర్డ్ జోకులతో అది జరగదు.

డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం. అందరూ కిరాణా కొట్లో ఉండే పన్నెండు అంకెల కాలిక్యులేటర్ తేవాలన్నాం, వర్గమూలం మీట ఉంటే చాలు. 2143 ÷ 22 చేసి ఆ మీట రెండుసార్లు నొక్కితే 3.14159265258. ఇది రామానుజన్ ఇచ్చిన ఉజ్జాయింపు. అసలు పై అదే తెర మీద 3.14159265358. తేడా ఒక్క అంకెలోనే, చివరి 58 కూడా కలిసింది! ‘ఆ ఒక్క అంకె జీఎస్టీ కింద పోయింది’ అని కొట్టు యజమాని అయిన మన సభ్యుడు అన్నారు.

సభ్యత్వ రుసుం పెంచడం లేదు. సర్వసభ్య సమావేశం తేదీ విడిగా తెలియజేస్తాం. ఆ రోజు సంఘం నుంచి అరువు తీసుకున్న పన్నెండు అంకెల కాలిక్యులేటర్లు, పెట్టెలతో సహా, తిరిగి తెచ్చి ఇవ్వగలరు.

– కార్యదర్శి