ఆ రెండు పేజీలు ఒక్కసారైనా తెరిచి చూశారా?

కస్టమర్ కేర్ అధికారి గారికి,

విషయం: 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సిరీస్‌కు మూలమైన నవలల్లో మూడోది, 'ఏ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్' ఈబుక్‌లో ఖాళీ పేజీలు

అయ్యా,

మూడో టికెట్ కూడా నిన్న మూసేశారు. పేజీలు ఖాళీగానే ఉన్నాయి.

మొదటి ఏజెంటు యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేసుకున్నా అంతే. రెండో ఆయన స్క్రీన్‌షాట్ అడిగారు. పుస్తకం పేజీలకు మీ యాప్ స్క్రీన్‌షాట్ తియ్యనివ్వదు మహాప్రభో అంటే, అది లేనిదే ఫిర్యాదు ముందుకు కదలదని ఫోన్ పెట్టేశారు. ఇంకో ఫోన్‌తో ఫొటో తీసి పంపితే 48 గంటలు ఆగమన్నారు. ఆగాక వచ్చింది ఒకటే ముక్క: 'మీ సమస్య పరిష్కరించాం'. మళ్లీ ఫోన్ చేస్తే కొత్తావిడ మొదటికే వచ్చారు, యాప్ తీసేసి చూశారా అని! ఇంతమందిలో ఒక్కరూ ఆ పేజీ తెరవలేదు.

చివరికి చాట్‌లో ఒకరు, ఆ పేజీలు వదిలేసి ముందుకు చదవండి, కథలో చిన్న పిల్లాడు బ్రాన్‌ను బాకుతో చంపడానికి మనిషిని పంపింది, రాజు కొలువులోని కుట్రదారు లిటిల్‌ఫింగరేనని టీవీ సిరీస్‌లో తేల్చేశారుగా అన్నారు. తేల్చలేదండీ. 2017 నాటి ఏడో సీజన్‌లో ఆ బాకు లిటిల్‌ఫింగర్‌దని మాత్రమే అన్నారు. హంతకుడి చేతిలో దాన్ని ఎవరు పెట్టారో అక్కడా చెప్పలేదు.

పుస్తకాల్లో చిక్కంతా ఆ బాకుతోనే. హంతకుడు పడుకున్న చోట గడ్డి కింద దొరికింది 90 వెండి నాణేలు. అంత చిన్న కూలికి వచ్చినవాడి చేతిలో అరుదైన వాలిరియన్ ఉక్కు బాకు, డ్రాగన్ ఎముక పిడి! అంత విలువైనది ఎవరిస్తారు? జవాబుకు దారి మీ ఖాళీ పేజీల్లోనే ఉంది. పెళ్లిరోజు పొద్దున కుర్ర రాజు జాఫ్రీకి కొత్త కత్తి వస్తుంది. దానికి జోడీగా డ్రాగన్ ఎముక పిడి బాకు కావాలా అని అతని మేనమామ టిరియన్ కదిపి చూస్తాడు. కుర్రాడు చురుక్కున చూసి, బంగారు పిడికి కెంపులు పొదగాలి, డ్రాగన్ ఎముక మరీ సాదా అంటాడు. సాదా అనుకున్నవాడే కదా దాన్ని కూలివాడికి ఇచ్చేది! ఉత్తర సరిహద్దు గోడకు అవతలి తెగల నాయకుడు మాన్స్ రేడర్‌ను అనుమానించేవాళ్లు, ఇదే పుస్తకంలో అతను వెండి సంచితో ఆ గోడ దాటి, బ్రాన్ వాళ్ల కోట వింటర్‌ఫెల్‌కు వెళ్తున్న అప్పటి రాజు రాబర్ట్ పరివారంలో కలిశాడని చూపిస్తారు. ఆ వాదన నిలుస్తుందో లేదో తూచాలంటే ఈ పెళ్లిపూట సంభాషణ పక్కన ఉండాలి. దాన్ని వదిలేసి చదవమంటే, హత్య కేసులో సాక్షిని వదిలేసి తీర్పు చెప్పమన్నట్టే.

ఈ వరసలో 1996 నాటి మొదటి పుస్తకం నుంచి 2011 నాటి ఐదోదాకా మీ దగ్గరే కొన్నాను. ఆరోది వచ్చినా మీ దగ్గరే కొనేవాణ్ని. సరిచేసిన ఫైలు పంపండి, లేదా ఐదింటి డబ్బూ వెనక్కివ్వండి. ఈసారి ఎవరైనా మనిషి చదివి జవాబివ్వాలి. వారంలోగా రాకపోతే మీరు మూసిన మూడు టికెట్లూ, ఆ ఫొటోతో సహా, కన్స్యూమర్ కోర్టులో పెడతాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్