లోకాల మధ్య తలుపులే కాదు, దారులూ ఉన్నాయి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట గురించి, అంటే తలా ఒక పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట గురించి, వచ్చిన వ్యాసం చదివి చాలా సంతోషించాను. ఈ ఆట గురించి తెలుగులో ఓపిగ్గా రాసేవాళ్లు తక్కువ. కానీ ఒక్కచోట ఆగిపోయాను. ఆటగాళ్లు ఒక లోకం నుంచి ఇంకో లోకానికి మంత్రంతోనో మాయాద్వారం లోంచో వెళ్తారని రాసి, అక్కడితో వదిలేశారు. అది సగం సంగతే. ఈ ఆటలో లోకాలను కలిపే దారులు కూడా ఉన్నాయి. నదులున్నాయి, ఒక మహావృక్షం ఉంది, కొండ ఉంది, అంతులేని మెట్లున్నాయి. ఆరేళ్లుగా వారానికోసారి ఐదుగురికి ఈ ఆట నడిపిస్తున్న డంజన్ మాస్టర్‌ని, అంటే కథ చెప్పి ఆట నడిపేదాన్ని నేను. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ దారులే. అందుకే ఈ ఉత్తరం.

తలుపులకే పేరెందుకు వచ్చిందో నాకు తెలుసు. ఆట 1974లో వచ్చింది. లోకాల అమరిక గురించి, ఆటను రూపొందించినవాళ్లలో ఒకరైన గ్యారీ గైగాక్స్ 1977లో డ్రాగన్ పత్రికలో రాశారు. 1987లో జెఫ్ గ్రబ్ ఈ లోకాల మీదే ఒక పూర్తి పుస్తకం రాశారు. ఆ తర్వాత 1994లో డేవిడ్ కుక్ రూపొందించిన ప్లేన్‌స్కేప్ వచ్చింది, లోకాల మధ్య తిరిగే కథల కోసమే చేసిన నేపథ్యం అది. దాని నడిబొడ్డున ఉన్నది సిగిల్, తలుపుల నగరం. అక్కడ ఏ కమాను అయినా, ఏ కిటికీ అయినా ఇంకో లోకానికి ద్వారం కావచ్చు. తాళంచెవి ఒక వస్తువు కావచ్చు, ఒక మాట కావచ్చు, ఒక ఆలోచన కూడా కావచ్చు. అంత అందమైన ఊహ వచ్చాక అందరికీ తలుపులే గుర్తుండిపోయాయి. అందులో తప్పు లేదు.

కానీ ఒక్కసారి లెక్క చూడండి. తలుపు తెరవాలంటే అది ఎక్కడుందో, దాని తాళంచెవి ఏమిటో తెలియాలి. మంత్రంతో వెళ్లాలంటే ప్లేన్ షిఫ్ట్ అనే లోకం మార్చే మంత్రం కావాలి. అది ఏడో స్థాయి మంత్రం. పాత్రలు ఆడేకొద్దీ ఒక్కో లెవెల్ ఎదుగుతాయి; ఇప్పుడు నడుస్తున్న నియమాల్లో మాంత్రికుడికైనా పూజారికైనా పదమూడో లెవెల్‌కి గానీ ఆ మంత్రం అందదు. పైగా 250 బంగారు నాణేలు ఖరీదు చేసే లోహపు కడ్డీ చేతిలో ఉండాలి, అదీ వెళ్లాల్సిన లోకానికి తగ్గట్టు శ్రుతి చేసినది. మరి ఐదో లెవెల్ వాళ్లు, చేతిలో చిల్లర తప్ప ఏమీ లేనివాళ్లు ఏం చేయాలి? వాళ్ల కోసం ఉన్నవే దారులు. లోకాలను కలిపే నదుల్లో ఒకటైన స్టిక్స్ ఎవరినీ లెవెల్ అడగదు. పడవవాడికి డబ్బిస్తే ఎక్కించుకుంటాడు.

స్టిక్స్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అది కింది లోకాలన్నిటి గుండా, అంటే చెడు లోకాల గుండా పారుతుంది. ఒక లోకం ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందో పడవలో ఉన్నవాడికి తెలియదు. ఆకాశం రంగు మారుతుంది, వాసన మారుతుంది, అంతే. అబిస్ అనే లోకంలోని డీమన్లకూ నైన్ హెల్స్ అనే ఇంకో లోకంలోని డెవిల్స్‌కూ మధ్య అంతు లేకుండా సాగే రక్తయుద్ధంలో సైన్యాలు కదిలేదీ ఈ నది మీదే. ఒకరినొకరు తుడిచిపెట్టాలని చూసే రెండు లోకాలను కలిపేది ఒకటే నీరు. ఈ ఒక్క ఊహతో ఒక ఏడాది ఆట నడపొచ్చు. గ్రీకు పురాణంలో దేవతలు ఈ నది మీద ఒట్టు పెట్టుకునేవారు. మరపు కలిగించేది అక్కడ వేరే నది, లేతే. ఆటను తయారుచేసినవాళ్లు ఆ మరపును తెచ్చి స్టిక్స్‌కి ఇచ్చారు. ఆ నీరు తగిలితే గతం మరిచిపోతారు. నా దృష్టిలో వాళ్లు చేసిన గొప్ప పనుల్లో ఇదొకటి.

మా ఆటలో జరిగింది చెప్తాను. మా అక్క కూతురికి పదిహేనేళ్లు. దాని పాత్ర ఒక దొంగపిల్ల. ఎప్పుడూ ఒక సంచి మోసుకు తిరిగేది, అందులో వాళ్లమ్మ రాసిన ఉత్తరాలు ఉండేవి. స్టిక్స్ మీద సగం దూరం వెళ్లాక మా అబ్బాయి పాత్ర పడవవాడితో బేరానికి దిగింది. పడవ ఒరిగింది. సంచి జారింది. పిల్ల చెయ్యి చాచింది. ఇరవై ముఖాల పాచిక వేస్తే మూడే పడింది. అంత తక్కువ పడితే ఓడినట్టే, చెయ్యి స్టిక్స్ నీళ్లలో మునిగింది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. నాకు ఒకటే టెన్షన్. రెండేళ్లుగా అది ప్రేమగా పెంచుకున్న పాత్ర. ఏదో ఒక వంక పెట్టి కాపాడేద్దామని నోరు తెరిచాను. "వద్దు పిన్నీ, మరిచిపోయింది. అంతే" అంది.

ఆ తర్వాత మూడు వారాలు మా ఆటలో యుద్ధమే లేదు. పడవ సాగుతూ ఉంటే తక్కిన నలుగురూ వంతులవారీగా ఆ పిల్లకి తనెవరో చెప్పారు. ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోలేదు. ఆ దొంగపిల్లంటే గిట్టనట్టు ఉండే మా అబ్బాయి పాత్ర, ఒక చలి రాత్రి ఈ పాత్ర నిద్రపోయిందనుకుని ఆ పిల్ల తన దుప్పటి తీసి దానికి కప్పిన సంగతి చెప్పింది. ఆ సంగతి నేనే మరిచిపోయాను. వాడు రెండేళ్లు గుర్తుపెట్టుకున్నాడు. మంత్రం చదివి ఒక్క క్షణంలో అవతల తేలి ఉంటే ఆ మాట ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. దారికి సమయం పడుతుంది, ఆ సమయంలోనే పక్కన కూర్చున్నవాళ్లు మాట్లాడతారు.

తక్కిన దారులూ తక్కువేం కాదు. ఓషియానస్ నది ఎలీసియం, బీస్ట్‌ల్యాండ్స్, అర్బోరియా లోకాలను కలుపుతుంది. స్టిక్స్‌కి పూర్తిగా ఎదురు, మంచి లోకాల నది. మనకిది కొత్తేం కాదు. మూడు లోకాల్లో పారే గంగని త్రిపథగ అని పిలుచుకున్నవాళ్లం. ఒలింపస్ కొండ దేవతలుండే అర్బోరియా నుంచి చీకటి హేడిస్ దాకా దారి ఇస్తుంది. ఇగ్‌డ్రసిల్ మహావృక్షం నార్స్ పురాణం నుంచి వచ్చింది. దాని కొమ్మలూ వేర్లూ లోకాల్లోకి పాకి ఉంటాయి, చెట్టు మొదలు దగ్గర నిధోగ్ అనే డ్రాగన్ వేరు కొరుకుతూ ఉంటుంది. పురాణంలో రాటటోస్క్ అనే ఉడుత చెట్టు పైనున్న గద్దకూ కింద నిధోగ్‌కూ మధ్య తిట్లు మోస్తూ తిరుగుతుంది. ఇక అనంత సోపానం. 2014 నాటి డంజన్ మాస్టర్ పుస్తకంలో దాని ద్వారం ఎవరూ రెండోసారి చూడని మామూలు తలుపులా ఉంటుంది. తెరిస్తే చిన్న అరుగు, పైకీ కిందికీ మెట్లు. 2024లో ఆరు పాత సాహసాలను ఒకచోట చేర్చి కొత్తగా తెచ్చినప్పుడు వాటిని కలిపే దారిగా ఈ మెట్లనే వాడుకున్నారు.

ఈ ఆట గురించి మళ్లీ రాయిస్తే, లోకాల బొమ్మ వేయించేటప్పుడు దయచేసి ఈ నదులను కూడా గీయించండి. చదివి మొదటిసారి పాచిక పట్టుకునే పిల్లలు తమ దగ్గర పెద్ద మంత్రాలు లేవని మొదటి లోకంలోనే ఆగిపోకూడదు.

మా వాళ్లు ప్రస్తుతం ఇగ్‌డ్రసిల్ వేర్ల దగ్గర ఉన్నారు. ఆ పిల్లకి దుప్పటి సంగతి తెలుసు, తన పేరు తెలుసు. సంచిలో తడిసిన ఉత్తరాలు ఎవరు రాశారో ఇంకా గుర్తు రాలేదు. వచ్చే శనివారం అవి చదివి వినిపిస్తానని మా అబ్బాయి మాటిచ్చాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు