రొట్టె కోసం నడిచారు, రూసో మాటల్లో రాశారు

సంపాదకునికి,

ఫ్రెంచి విప్లవం తత్వవేత్తల పుస్తకాల్లోంచి పుట్టిందని తరచూ ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. 1789 అక్టోబరులో పారిస్ ఆడవాళ్లు వానలో రాజు ఉండే వర్సై దాకా నడిచింది ప్రధానంగా రొట్టె కోసం. వారిలో ఆ తత్వవేత్తల్లో ఒకడైన రూసోను చదివినవారు ఎందరుంటారు? ఆ పుస్తకాల ముద్ర వెతకాల్సింది అదే ఏడాది ఆగస్టు 26న ఆమోదించిన హక్కుల ప్రకటనలో. చట్టం ప్రజల సమష్టి సంకల్పమనే 6వ అధికరణం అచ్చంగా రూసో మాట. హక్కులకు హామీ, అధికార విభజన లేని సమాజానికి రాజ్యాంగమే లేదనే 16వ దానిలో మరో తత్వవేత్త మాంటెస్క్యూ కనిపిస్తాడు. నిజానికి ఆయన రాచరికాన్ని తీసేయమనలేదు, పగ్గాలు వేయమన్నాడంతే! 1791 రాజ్యాంగం కూడా రాజును ఉంచింది. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు అధికరణాలనైనా పూర్తిగా అచ్చు వేస్తే పిల్లలే పోల్చి చూసుకుంటారు.

– ఒక పాఠకుడు, గుంటూరు